విశాఖలో అలలు తగ్గే కాలం: జనవరి నుంచి మార్చి దాకా ఫోర్‌కాస్ట్‌లో ఏం చూడాలి

సంక్రాంతి వెళ్లేసరికి విశాఖ సముద్రం నెమ్మదిస్తుంది. వాయుగుండం ఎటు తిరుగుతుందో, తుపాను ఎక్కడ తీరం దాటుతుందో అని అక్టోబరు నుంచి ఉన్న టెన్షన్ తగ్గిపోతుంది. నైరుతి గాలులు పెద్ద కెరటాలు తీసుకురావడానికి ఇంకా నెలల టైముంటుంది. ఈ మధ్యకాలంలో, అంటే జనవరి మూడో వారం నుంచి మార్చి మూడో వారం దాకా, రుషికొండ బీచ్ ఎదుట అలల ఎత్తు చాలా రోజులు అర మీటరుకీ మీటరుకీ మధ్యే ఉంటుంది. ఫోన్‌లో అలల ఫోర్‌కాస్ట్ తెరిచిన సర్ఫర్ (బోర్డు మీద అలలెక్కేవాడు) ఆ అంకె చూసి ఉస్సూరుమని బోర్డు మూలన పెట్టేస్తాడు. పిల్లల్ని తీసుకుని బీచ్‌కి బయల్దేరిన కుటుంబం అదే అంకె చూసి ఇంకేం భయం లేదనుకుంటుంది. రెండూ తొందరపాటే. ఈ రెండు నెలల్లో ఎత్తు ఒక్కటే చూస్తే తెలిసేది చాలా తక్కువ. అల వెనక అల ఎన్ని సెకన్లకి వస్తోంది (దీన్నే వ్యవధి అంటారు), పోటు ఏ గంటకి, గాలి ఎప్పుడు మళ్లుతుంది అన్నవి కూడా తెలిస్తేనే ఆ రోజు సముద్రం ఎలా ఉంటుందో చెప్పగలం.

ముందు ఇంత నెమ్మది ఎందుకో చూద్దాం. గాలి ఎంత బలంగా, ఎంతసేపు, నీటి మీద ఎంత దూరం వీచింది అన్నదాన్ని బట్టి అల పెరుగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి ఈ మూడూ దొరుకుతాయి. జనవరిలో వీచే ఈశాన్య గాలికి దొరకవు. బంగాళాఖాతం ఉత్తరపు కొసన నేల ఉంది కాబట్టి ఆ గాలి విశాఖ చేరేలోపు నీటి మీద పరుగెత్తే దూరం తక్కువ. పైగా విశాఖ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా సాగుతూ ఆగ్నేయం వైపు ముఖం పెట్టి ఉంటుంది. అందువల్ల ఈశాన్య గాలి ఒడ్డుకి ఎదురుగా కొట్టదు, దాదాపు ఒడ్డు వెంటే పోతుంది. దాంతో పుట్టేవి నాలుగు నుంచి ఆరు సెకన్లకొకటిగా వచ్చే పొట్టి అలలు. అవి పక్కవాటంగా వచ్చి ఎక్కడివక్కడ చెల్లాచెదురుగా విరిగిపోతాయి. ఫిబ్రవరికి ఆ గాలి కూడా సడలిపోయి మధ్యాహ్నాలు దక్షిణపు గాలి మొదలవుతుంది. తీరం వెంట పారే నీరు సైతం అప్పుడే దిశ మార్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పారే ప్రవాహం ఫిబ్రవరిలో ఉత్తరానికి మళ్లి, మార్చి ఏప్రిల్ నెలల్లో బాగా బలపడుతుంది.

ఈ నెలల్లో బంగాళాఖాతంలో తుపాన్లు చాలా అరుదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. 2020 అక్టోబరులో తీవ్ర వాయుగుండం బంగ్లాదేశ్ సరుకు ఓడని తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కించింది. ఊరి జ్ఞాపకంలో ఉన్నది ఎక్కువగా ఈ అక్టోబరు సముద్రమే. ఫిబ్రవరి సముద్రం గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోవడం కూడా ఎక్కువ.

ఇంత నెమ్మదిగా ఉన్నా అలలు పూర్తిగా ఆగిపోవు. విశాఖకి దాదాపు ఏడు వేల కిలోమీటర్ల దక్షిణాన, ఇంకా ఆ కిందికి కూడా, నేల అడ్డే లేని దక్షిణ మహాసముద్రం మీద ఏడాది పొడవునా తుపానుగాలులు తిరుగుతూనే ఉంటాయి. మనకి చలికాలమైతే అక్కడ వేసవి కాబట్టి ఆ రోజుల్లో వాటి జోరు తగ్గుతుంది, అంతే. అక్కడ లేచిన అలల్లో పొట్టివి దారిలోనే చచ్చిపోతాయి. పొడవాటివి మాత్రం ప్రయాణం సాగిస్తాయి. వీటినే స్వెల్ అంటారు. 14 సెకన్ల వ్యవధి ఉన్న అలల గుంపు లోతు నీటిలో గంటకి సుమారు 39 కిలోమీటర్లు, అంటే రోజుకి 940 కిలోమీటర్ల దాకా వస్తుంది. 16 సెకన్లదైతే గంటకి 45 కిలోమీటర్లు. ఈ లెక్కన అక్కడ గాలి లేచిన ఏడెనిమిది రోజులకి రుషికొండలో దాని జాడ కనపడుతుంది. ముందు 16 సెకన్లవి వస్తాయి, మర్నాడు 14 సెకన్లవి, ఆ మర్నాడు 12 సెకన్లవి. వ్యవధి ఇలా రోజురోజుకీ కాస్త కాస్త తగ్గుతూ ఉంటే అది దూరం నుంచి వచ్చిన స్వెల్ అని గట్టిగా చెప్పొచ్చు. దారిలో శ్రీలంక ఒక అడ్డు. నైరుతి వాలు నుంచి వచ్చే స్వెల్‌లో కొంత భాగం ఆ ద్వీపం వెనక ఆగిపోతుంది. నేరుగా దక్షిణం నుంచి వచ్చేదే విశాఖకి బాగా అందుతుంది.

ఎత్తుకీ వ్యవధికీ ఉన్న సంబంధం ఒక ఉదాహరణతో తేలిగ్గా అర్థమవుతుంది. ఒక వారం ఫోర్‌కాస్ట్‌లో సోమవారం ఎదురుగా 0.8 మీటర్లు, 5 సెకన్లు అని ఉందనుకుందాం. గురువారం ఎదురుగా 0.5 మీటర్లు, 14 సెకన్లు. ఎత్తు మాత్రమే చూసే మనిషి సోమవారం వెళ్లి గురువారం మానేస్తాడు. కానీ అల మోసుకొచ్చే శక్తి ఎత్తు వర్గాన్ని వ్యవధితో గుణించినదాన్ని బట్టి ఉంటుంది. సోమవారానికి 0.8ని 0.8తో, ఆపైన 5తో గుణిస్తే 3.2. గురువారానికి 0.5ని 0.5తో, ఆపైన 14తో గుణిస్తే 3.5. పొట్టిగా కనిపించిన గురువారం అలలోనే శక్తి కాస్త ఎక్కువ.

కథ అక్కడితో అయిపోదు. 5 సెకన్ల అల లోతు నీటిలో 39 మీటర్ల పొడవుంటుంది. 14 సెకన్ల అల పొడవు 300 మీటర్లు దాటుతుంది. పొడవులో సగానికి లోతు తగ్గగానే అలకి అడుగు తగలడం మొదలవుతుంది. సోమవారం అలకి 20 మీటర్ల లోతు దాకా అడుగున్న సంగతే తెలియదు. గురువారం అలకి 150 మీటర్ల లోతు దగ్గరే తెలిసిపోతుంది. అక్కడి నుంచి అది నెమ్మదిస్తూ, దగ్గరపడుతూ, లేస్తూ వస్తుంది. ఒడ్డుకి ఎదురుగా వస్తే అర మీటరు అల విరిగేముందు మీటరు ఎత్తు దాకా పెరుగుతుంది. దక్షిణం నుంచి వచ్చి ఆగ్నేయ ముఖంగా ఉన్న ఒడ్డుకి మళ్లేటప్పుడు అందులో కొంత పోతుంది గానీ, మిగిలేది తక్కువేం కాదు. సోమవారం అల ఎత్తు కూడా విరిగే చోట మీటరు దగ్గరే ఉంటుంది. తేడా తీరులో ఉంది. సోమవారం నీరంతా కుతకుతలాడుతూ, ఏ అల ఎక్కడ విరుగుతుందో తెలియకుండా ఉంటుంది. గురువారం వరసలు వరసలుగా, మధ్యలో నున్నటి నీరు వదిలి వస్తాయి. బోర్డు మీద లేచి నిలబడటం ఇప్పుడిప్పుడే వస్తున్నవాళ్లకి గురువారం లాంటి రోజులే కావాలి. పొడవైన, మందమైన బోర్డు ఉంటే ఆ అలల మీద హాయిగా వెళ్లొచ్చు. చిన్న బోర్డు వాళ్లకి మాత్రం ఈ కాలం నిరాశే, అందులో దాచేదేమీ లేదు.

ఆ ఎత్తు అంకె గురించి ఇంకొక మాట. ఫోర్‌కాస్ట్‌లో ఇచ్చేది అన్ని అలల సగటూ కాదు, అన్నిటికంటే పెద్ద అల ఎత్తూ కాదు. వచ్చిన అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటి సగటు చెబుతారు. అదే సముద్రంలో కొన్ని గంటల్లో ఒక్కసారైనా దానికి దాదాపు రెట్టింపు అల వస్తుంది. 0.6 అని రాసి ఉన్న రోజున మీటరు పైన ఎత్తున్న అల రావడం ఫోర్‌కాస్ట్ తప్పడం కాదు. ఆ లెక్కలోనే అది ఉంది.

ఫోర్‌కాస్ట్ మోడళ్లు సముద్రాన్ని కిలోమీటర్ల వెడల్పు గళ్లుగా విడగొట్టి లెక్క కడతాయి. అంత పెద్ద గడిలో హార్బర్ పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ ఆనదు. విశాఖ తీరంలో మాత్రం ఆ కొండే చాలా విషయాలు తేలుస్తుంది. కొండ, దానికి తోడు 1976లో మొదలైన ఔటర్ హార్బర్ గోడలు కలిసి దక్షిణపు స్వెల్‌ని అడ్డుకుంటాయి. కాబట్టి కోస్టల్ బ్యాటరీ వైపు, ఆర్కే బీచ్ దక్షిణపు చివర, యాప్‌లో చూపించిన ఎత్తులో కొంతే కనపడుతుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఆ చాటు పోతుంది. లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్ దాటి రుషికొండ చేరేసరికి అలలు సూటిగా వస్తాయి. కొండకి అవతల ఉన్న యారాడకి ఆ చాటే లేదు. అందుకని నెమ్మది రోజుల్లో అలలు కావాలనుకునేవాళ్లు ఆర్కే బీచ్ చూసి నిరాశపడి ఇంటికి వెళ్లిపోకూడదు. రుషికొండ దాకా వెళ్లి చూడాలి. అలాగే ఆర్కే బీచ్ నెమ్మదిగా ఉంది కదా అని అదే ధీమాతో యారాడలో దిగకూడదు.

ఇక ఇసుక సంగతి. ఇక్కడ అలలు విరిగేది రాతి మీద కాదు, ఇసుక మీద. ఇసుక కదిలితే అల విరిగే చోటూ మారిపోతుంది. వర్షాకాలపు పెద్ద అలలు ఒడ్డు మీది ఇసుకని కోసుకుపోయి లోపల నీటి అడుగున మెట్టలుగా పోస్తాయి. తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం దగ్గర అప్పుడు రాళ్లు బయటపడతాయి. చలికాలంలో పొట్టి అలలు అదే ఇసుకని కొంచెం కొంచెంగా వెనక్కి తోస్తాయి. బీచ్ వెడల్పవుతుంది, రాళ్లు మళ్లీ కప్పబడిపోతాయి. చూడటానికి బాగుంటుంది. కానీ లోపల మెట్ట అరిగిపోవడమో, ఒడ్డుకి అతుక్కుపోవడమో జరుగుతుంది. ఒడ్డు అంచు ఏటవాలుగా తయారవుతుంది. అల తన ఎత్తుకి సుమారు 1.3 రెట్ల లోతు రాగానే విరుగుతుంది కాబట్టి, ముక్కాలు మీటరు అల మీటరు లోతు దాకా ఆగుతుంది. అంచు ఏటవాలుగా ఉంటే మీటరు లోతు ఒడ్డుకి కొద్ది దూరంలోనే ఉంటుంది. అప్పుడు అల నీటి మీద కాకుండా తడి ఇసుక మీద దబ్బున పడుతుంది. సర్ఫర్‌కి అది పనికిరాదు. పరుగెత్తుకెళ్లి తల ముందుకి పెట్టి దూకేవాడికి మెడ విరిగేంత ప్రమాదం కూడా అక్కడే ఉంది. మోకాలి లోతు కదా అన్న ధైర్యం అలాంటి చోట పనికిరాదు.

హార్బర్ గోడల వల్ల ఆర్కే బీచ్‌కి ఇంకొక ఇబ్బంది. ఈ తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది. గోడలు దాన్ని ఆపేస్తాయి. అక్కడ పేరుకున్న ఇసుకని డ్రెడ్జర్లతో తీసి ఆర్కే బీచ్ మీద పోస్తుంటారు. అలా పోసిన కొత్త ఇసుక సర్దుకునేదాకా అలలు విరిగే తీరు వారం వారం మారుతుంది. పోయినేడు బాగున్న చోటు ఈ ఏడు బాగుంటుందన్న హామీ లేదు.

ఈ కాలంలో అన్నిటికంటే తక్కువ మంది పట్టించుకునేది, అన్నిటికంటే ఎక్కువ పని చేసేది ఆటుపోట్లు. విశాఖలో రోజుకి రెండు పోట్లు (నీరు నిండే వేళ), రెండు ఆట్లు (నీరు దిగిపోయే వేళ). పౌర్ణమి, అమావాస్యలకి పోటుకీ ఆటుకీ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు. అష్టమి అటూ ఇటూగా అది అర మీటరు పైచిలుకుకి పడిపోతుంది. వర్షాకాలంలో రెండు మీటర్ల అలల ముందు ఈ తేడా పెద్దగా తెలియదు. అలే ముక్కాలు మీటరు ఉన్న రోజున ఒకటిన్నర మీటరు నీరు ఎక్కడం, దిగడం అంటే సముద్రం మొత్తం మారిపోయినట్టే. నిండు పోటులో మెట్ట మీద నీరు ఎక్కువై అల అక్కడ విరగకుండా జారిపోయి ఒడ్డు అంచున పడుతుంది. పూర్తి ఆటులో మెట్ట దాదాపు బయటపడి అల మొత్తం ఒక్కసారే మూసుకుపోతుంది. ఆటు నుంచి నీరు ఎక్కడం మొదలైన తర్వాత రెండు మూడు గంటలు చాలా రోజులు బాగుంటాయి.

పంచాంగం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. విశాఖలో పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటు సుమారుగా ఉదయం తొమ్మిది అటూ ఇటూగా వస్తుంది, మళ్లీ రాత్రి దాదాపు అదే వేళకి. ఆటు మధ్యాహ్నం మూడు ప్రాంతంలో. ఆ తర్వాత ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అంటే పౌర్ణమి ఉదయం నీరు నిండుగా ఉంటుంది, అల ఒడ్డునే పడుతుంది. పౌర్ణమి వెళ్లిన నాలుగో రోజుకి, చవితి పంచమి వేళకి, ఆటు తెల్లవారి ఆరు దాటాక వస్తుంది. అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా నీరు ఎక్కుతూనే ఉంటుంది. అష్టమి వచ్చేసరికి ఆటు పొద్దున తొమ్మిది దాటాక. ఈ లెక్క స్థూలంగా చెప్పింది. కచ్చితమైన గంటలు సర్వే ఆఫ్ ఇండియా ప్రకటించే ఆటుపోట్ల పట్టికలో చూసుకోవాలి. ఇంకో సంగతి, బంగాళాఖాతం ఈ ఒడ్డున సముద్ర మట్టం ఏడాదిలో అక్టోబరు నవంబరుల్లో బాగా ఎత్తుగా, మార్చి ఏప్రిల్‌లలో బాగా తక్కువగా ఉంటుంది. కాబట్టి మార్చిలో ఆటు ఇంకాస్త కిందికి దిగుతుంది.

తెల్లవారి ఆటు ఎందుకంత విలువైందంటే, దానికి గాలి తోడవుతుంది. చలికాలం రాత్రిళ్లు నేల సముద్రం కంటే త్వరగా చల్లబడుతుంది. జనవరిలో విశాఖలో రాత్రి ఉష్ణోగ్రత 18–19 డిగ్రీల దాకా దిగితే సముద్రపు నీరు 25 డిగ్రీల పైనే ఉంటుంది. ఆ తేడా వల్ల నేల మీది నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంది. అది వచ్చే అలకి ఎదురుగా వీచి దాని ముఖాన్ని నున్నగా నిలబెడుతుంది, త్వరగా పడిపోనివ్వదు. తెల్లవారుజాము నుంచి ఎనిమిదిన్నర తొమ్మిది దాకా ఈ గాలి దొరుకుతుంది. తర్వాత ఒక గంట గాలే ఉండదు. పదకొండు అయ్యేసరికి సముద్రపు గాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. అర మీటరు అల ఆ గాలికి తట్టుకోలేదు. రెండు మీటర్ల అల మీద ఒక మోస్తరు గాలి వీచినా రూపం కొంత మిగులుతుంది. చిన్న అల మీద ఏమీ మిగలదు. నెమ్మది రోజుల్లో పొద్దున తొమ్మిది దాటాక వెళ్లి, ఇక్కడ అలలు లేవు అని తీర్పు చెప్పడం సరికాదు.

ఇప్పుడు ఇవన్నీ కలిపితే, జనవరి నుంచి మార్చి దాకా రుషికొండకి ఒక అంచనా వస్తుంది. పన్నెండు సెకన్లు దాటిన దక్షిణపు స్వెల్ అర మీటరు ఎత్తున ఉండి, అది పౌర్ణమికో అమావాస్యకో నాలుగైదు రోజుల తర్వాత వస్తే, ఆ పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా నడుము ఎత్తు అలలు శుభ్రంగా దొరికే అవకాశం ఎక్కువ. అదే స్వెల్ సరిగ్గా పౌర్ణమి నాడు వస్తే పొద్దున్నంతా ఒడ్డు మీద దబదబా పడుతుంది. మధ్యాహ్నం నీరు దిగే వేళకి గాలి చెడగొడుతుంది. స్వెల్ లేకుండా ఐదారు సెకన్ల ఈశాన్యపు అలలు మాత్రమే ఉన్న వారాల్లో, ఎత్తు 0.9 అని కనపడినా, బోర్డుకి పనికొచ్చేది తక్కువ. జనవరిలో ఇలాంటి రోజులు ఎక్కువ. ఫిబ్రవరి చివరి నుంచి గాలి సడలి, దక్షిణపు స్వెల్ మెల్లగా పెరగడం వల్ల మొదటి రకం రోజులు ఎక్కువవుతాయి. ఇక ఆకాశం విషయానికొస్తే చెప్పేది పెద్దగా లేదు. ఈ నెలల్లో వాన దాదాపు ఉండదు, పొద్దున్నే పొగమంచు, మధ్యాహ్నం ఎండ.

నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి కాలం దొరకదు. పశ్చిమ తీరంలో కర్ణాటకలోని ముల్కి దగ్గర కూడా సర్ఫింగ్ నేర్పేది వర్షాకాలం పోయాక, అలలు చిన్నగా శుభ్రంగా ఉన్న నెలల్లోనే. విశాఖలో జూన్ వానలకి మొదటిసారి బోర్డు పట్టుకునేవాడు పది నిమిషాల్లో అలిసిపోయి భయంతో బయటికొస్తాడు. ఫిబ్రవరిలో అయితే గంటన్నర నీటిలో ఉండగలడు.

అయితే నెమ్మది సముద్రం సురక్షితమైన సముద్రం అనుకోవడానికి లేదు. పొడవైన వ్యవధి ఉన్న స్వెల్ గుంపులు గుంపులుగా వస్తుంది. నాలుగైదు పెద్ద అలలు వచ్చాక పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, సముద్రం చెరువులా పడుకుంటుంది. ఆ సమయంలో ఒడ్డుకొచ్చిన కుటుంబం సముద్రం రోజంతా ఇలాగే ఉందనుకుని పిల్లల్ని దింపుతుంది. తర్వాతి గుంపు వాళ్లు నీటిలో ఉండగా వస్తుంది. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు కెరటాలకి కొట్టుకుపోయి చనిపోయారు. అక్కడ ఆ రోజు తుపాను లేదు. దక్షిణ మహాసముద్రం నుంచి వచ్చిన స్వెల్ గురించి హెచ్చరిక మాత్రం ముందే ఉంది. ఆకాశం చూసి సముద్రాన్ని అంచనా వేసే అలవాటు ఇలాంటి రోజుల్లో ప్రాణాల మీదికి తెస్తుంది.

రిప్ కరెంట్ సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. అలలు ఒడ్డుకి తోసిన నీరు మెట్టలో ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి లోపలికి పారిపోతుంది. ఆ సందులో లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. రెండు పక్కలా నురగ ఉంటుంది, మధ్యలో నాలుగైదు మీటర్ల వెడల్పున నీరు నల్లగా, నున్నగా కనపడుతుంది. ఈత రానివాళ్లు స్నానానికి ఎంచుకునేది సరిగ్గా ఆ చోటే. నీరు దిగేటప్పుడు, ఆటుకి దగ్గరయ్యేకొద్దీ, ఆ లాగుడు పెరుగుతుంది. మాఘ పౌర్ణమి నాడు విశాఖ తీరంలో వేలమంది సముద్ర స్నానం చేస్తారు. ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉండే రోజు అది. పొద్దున తొమ్మిది దాకా నిండు పోటు, ఏటవాలు ఒడ్డు మీద పడే అల. ఆ తర్వాత మూడింటి దాకా నీరు దిగుతూనే ఉంటుంది, సందుల్లో లాగుడు గంట గంటకీ పెరుగుతుంది. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న కుటుంబాలు నురగ సమానంగా పరుచుకుని ఉన్న చోట మోకాలి లోతులోనే మునకలు వేసి, పది లోపు బయటికి రావడం మంచిది. లోపలికి లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. తేలుతూ ఉండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరిగి, నురగ ఉన్న చోటికి వచ్చాక ఆ అలల తోపుతో ఒడ్డుకి చేరాలి. ఒక్కరు కొట్టుకుపోతే కాపాడటానికి ఇంకో ముగ్గురు ఈత రాకుండానే దూకడం వల్ల ఎన్నో ఇళ్లలో ఒక చావు నాలుగవుతోంది. తాడో, ఖాళీ ప్లాస్టిక్ క్యానో, ట్యూబో విసరడం, లైఫ్‌గార్డ్‌ని పిలవడం ముందు చేయాల్సిన పని.

వీటన్నిటికీ సమాచారం ఉచితంగానే దొరుకుతుంది. హైదరాబాద్ ప్రగతి నగర్‌లో ఉన్న, సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ రోజూ అలల ఎత్తు, స్వెల్ ఎత్తు, వ్యవధి, దిశ, గాలి వేగం విడివిడిగా ఇస్తుంది. విశాఖ ఎదుట సముద్రంలో అలల్ని కొలిచే, నీటి మీద తేలే బోయా కూడా ఉంది. కాబట్టి ఫోర్‌కాస్ట్‌లో అంకె ఎంతవరకు నిజమైందో సరిచూసుకోవచ్చు. మొత్తం ఎత్తు ఒక్కటే చూపించే యాప్‌ల కంటే, స్వెల్‌నీ స్థానిక గాలి అలల్నీ వేరు చేసి చూపించే పట్టిక నెమ్మది కాలంలో చాలా మెరుగు. మొత్తం ఎత్తు 0.8 అని ఉండి అందులో స్వెల్ వాటా 0.2 మాత్రమే ఉంటే ఆ రోజు కుతకుతే. స్వెల్ వాటా 0.6 ఉంటే తెల్లవారి లేవడం దండగ కాదు. గాలి, తుపాను హెచ్చరికలకి విశాఖలోనే వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది.

ఈ నెమ్మది మార్చి చివరికి చెదిరిపోతుంది. దక్షిణార్ధగోళంలో వేసవి ముగిసి అక్కడి తుపానుగాలులు మళ్లీ బలపడతాయి. 2024 మార్చి 31న కేరళ తీరంలో ఎండలో, గాలి లేకుండానే సముద్రం ఇళ్లలోకి వచ్చింది. కల్లక్కడల్ అని అక్కడివాళ్లు పిలిచే ఈ స్వెల్ ఉప్పొంగు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనే. విశాఖకి అంత ఉధృతంగా రాకపోయినా అదే స్వెల్ అంచు ఇటూ తగులుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలకి వేట నిషేధం. ఆ 61 రోజుల్లో చాలా పడవలు లోపల ఉండవు, ఎవరైనా కొట్టుకుపోతే చూసి ఆదుకునే మత్స్యకారులు నీటి మీద తక్కువగా ఉంటారు. అందుకని ఫోర్‌కాస్ట్‌లో వ్యవధి 16 సెకన్లు దాటి, స్వెల్ ఎత్తు మీటరుకి చేరిన మొదటి రోజున కొత్తగా నేర్చుకునేవాళ్లు నీటిలో దిగకుండా ఒడ్డునే ఉండాలి. ఫిబ్రవరిలో నడుము ఎత్తున విరిగిన చోటే ఆ రోజు అల తలకి మించి లేస్తుంది.